తెల్ల ఏప్రన్

మెరీన్ సిటీ,
సెప్టెంబరు 16, 1978

ప్రియమైన ఎల్డన్,

డెట్రాయిట్ దగ్గర తపాలా పడవ వాళ్లు మీ ఓడ మీంచి తాడుతో దించే బకెట్లో వేసే ఉత్తరాల్లో ఇది కలిసిపోకుండా కవరు మీద ఎర్రగీత గీశాను.

ఇవాళ శనివారం కదా, వారం పనులన్నీ నా నెత్తినే. లైబ్రరీ పుస్తకాలు ఇచ్చేశాను. బూట్లు కుట్టే ముసలాయన నీ పాత బూట్లు చూసి "వీటిని పాతిపెట్టెయ్యమ్మా" అన్నాడు. దోమతెర తలుపుకి కొత్త బందులు కొన్నాను. నోరీన్ క్లారినెట్ క్లాసు నుంచి మొహం మాడ్చుకుని వచ్చింది. నా పజిల్లో ఇంకా ఆకాశమే మిగిలింది, ముక్కలన్నీ ఒకటే నీలం, చిరాకేస్తోంది.

ఎప్పట్లాగే నీ ఓడ వేళకి అన్నీ తెముల్చుకుని నది ఒడ్డుకి వెళ్లాం. నాలుగున్నరకి హ్యారియట్ వాస్ వచ్చింది. వెనక డెక్కు మీద నీ తెల్ల ఏప్రన్ ఊగింది. నేను పసుపు దుప్పటి ఊపాను. నోరీన్ మాత్రం కారు దిగలేదు.

"నాకు పధ్నాలుగేళ్లొచ్చాయమ్మా. అక్కడ ఊగేది ఏప్రను, నాన్న కాదు. వచ్చే వారం నుంచి నన్ను పిలవకు" అంది.

 చలికాలంలో నీళ్లు గడ్డకట్టి ఓడలు ఆగేదాకా నువ్వు ఇంటికి రావు. అప్పటిదాకా మీ ఇద్దరికీ ఉన్నవి వారానికి ఈ పది నిమిషాలే. అవి కూడా పోతే ఎలాగో నాకు తెలీడం లేదు. నోరీన్‌కి ఏదైనా రాయి.

నీ
బర్నడెట్

*

హ్యారియట్ వాస్ ఓడ,
సెప్టెంబరు 16, సాయంత్రం

ప్రియమైన బర్నీ,

మీ ఒడ్డు దాటి మూడు గంటలయింది. డెట్రాయిట్‌లో బకెట్టు దించేలోగా నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఇవాళ ముప్పై మందికి బీఫ్ పులుసు. ఎవరూ వంక పెట్టలేదు, అంటే బాగానే ఉన్నట్టు. నేను చెక్కుతున్న చెక్క బాతు మెడదాకా వచ్చింది కానీ దాని ముక్కు విరగ్గొట్టాను. నీ పసుపు దుప్పటి చూశాను. పక్కన నోరీన్ ఎర్రటోపీ ఊపుతుంటే ఎంత సంతోషమేసిందో దానికి చెప్పు. ఇంత దూరానికి కూడా పొడుగైనట్టు కనిపించింది.

మీ
ఎల్డన్

*

మెరీన్ సిటీ,
సెప్టెంబరు 18

ప్రియమైన ఎల్డన్,

ఇది బకెట్టుకి కాదు, డులూత్ రేవుకి పంపుతున్నాను, త్వరగా అందాలని. మన ఉత్తరాలు ఒకదానికొకటి ఎదురొచ్చాయి.

నీది నోరీన్ విప్పింది. పైకి చదివింది. ఎర్రటోపీ దగ్గర ఆగి, "అది క్లారినెట్ మాస్టారింట్లో మర్చిపోయాను కదమ్మా" అంది. అరవలేదు, ఏడవలేదు. ఉత్తరం మడిచి పంచదార డబ్బా కింద పెట్టి హోంవర్కు చేసుకుంది. అరిచినా బాగుండేది.

దానికి నువ్వు ఇంకో ముచ్చటైన ఉత్తరం రాయొద్దు. నిజం రాయి.

నీ
బర్నడెట్

*

డులూత్,
సెప్టెంబరు 20

ప్రియమైన బర్నీ,

నీ రెండు ఉత్తరాలూ చదివాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఓడలో రాత్రి భోజనం నాలుగున్నరకి. మీరు ఒడ్డున ఉండే వేళకి నేను కింద వంటగదిలో గరిటె పట్టుకుని ఉంటాను, ముప్పై మంది పళ్లాలు పట్టుకుని ఉంటారు. ఈ ఆరేళ్లలో నేను పైకొచ్చింది రెండే సార్లు. మిగతా అన్నిసార్లూ ఏప్రన్ ఊపింది మా రెండో వంటవాడు గస్. యాభై ఎనిమిదేళ్లవాడు, పాపం, వానలోనూ నిలబడ్డాడు. ఒక్కో శనివారానికి రెండు ముక్కలు ఆపిల్ పై, అదీ మా ఒప్పందం. దిగొచ్చి "మీ ఆవిడ దుప్పటి, మీ అమ్మాయి టోపీ" అని చెప్తాడు, నేను రాస్తాను. మొన్న టోపీ లేకపోయినా వాడు అలవాటు కొద్దీ అలాగే చెప్పేశాడు.

చూడలేకపోయానని రాయడానికి మొదటిసారి మనసొప్పలేదు. తర్వాత చెప్పడానికి మొహం లేకపోయింది. నోరీన్‌కి ఇది చూపించు.

ఈ శనివారం వీళ్లంతా చల్లటి శాండ్‌విచ్‌లు తింటారు. కెప్టెన్ తిడితే తిట్టనీ. నోరీన్ వచ్చినా రాకపోయినా నేను మాత్రం పైన ఉంటాను.

మీ
ఎల్డన్

*

మెరీన్ సిటీ,
సెప్టెంబరు 23

ప్రియమైన ఎల్డన్,

నీ ఉత్తరం పొద్దున్నే వచ్చింది. నోరీన్ చదివి "హుఁ" అంది, అంతే. ఆ తర్వాత లైబ్రరీ, బేకరీ, క్లారినెట్ క్లాసు. నేను రమ్మనలేదు. నాలుగింటికి తనే కార్లో కూర్చుని హారన్ కొట్టింది.

గస్ సంగతి నాకు మొదటి ఏడాదే తెలిసింది. అతను ఎడమచేత్తో ఊపుతాడు, నువ్వు ఎడమచేత్తో టీ కూడా కలపలేవు. మాకోసం ఒక మనిషిని నిలబెట్టావు కదా, పోనీలే అనుకుని ఊరుకున్నాను. అది నా తప్పు. నాకు సరిపోయింది దానికీ సరిపోతుందనుకున్నాను.

ఓడ మలుపు తిరిగింది. వెనక డెక్కు మీద ఏ గుడ్డా ఊగలేదు.  రాలేకపోయాడు, ఇక దీనికి ఏం చెప్పాలి అనుకుంటూ ఉన్నాను. నోరీన్ తలుపు తెరిచి దిగేసింది.

"నాన్న!" అంది.

"నీకెలా తెలుసే? ఎవరూ ఊపడం లేదుగా?"

"అందుకేగా! మన వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాడు చూడు, రెండు చేతులూ కమ్మీ మీద పెట్టి."

ఊపడం మర్చిపోయావు కదూ ఎల్డన్?

ఒడ్డు చివరిదాకా నీ ఓడతో పాటు పరిగెత్తింది, టోపీ ఎక్కడో పారేసుకుంది. తిరిగొచ్చాక ముక్కు తుడుచుకుని "నాన్న లావయ్యాడు" అంది. పంచదార డబ్బా కింద ఉన్న నీ ఉత్తరం ఇప్పుడు దాని గదిలో ఉంది.

గస్‌కి ఆపిల్ పై ముక్కలు ఆపకు. దోమతెర తలుపు బందులు బిగించలేదు, నువ్వొచ్చాక బిగిద్దువుగాని.

నీ
బర్నడెట్