వీబ్కే యోగ్యతాపత్రం

బ్రేమెన్, 9 ఆగస్టు 1994

ప్రియమైన లూర్స్ గారికి,

పదకొండేళ్లు మీ సాయంకాలపు బడిలో జర్మన్ చెప్పాను. ఇక్కడ రెండు బళ్లు నన్ను గుమ్మంలోంచే పంపేశాయి. మూడోచోట గుమాస్తా జాలిపడి మీరిచ్చిన యోగ్యతాపత్రం చూపించింది. ‘ఆమె పని మాకు తృప్తినిచ్చింది’ అని ఉంది. చెడ్డగా రాయడానికి చట్టం ఒప్పుకోదని మనవాళ్లు తృప్తికే మెట్లు కట్టారు కదా: తృప్తి, పూర్తి తృప్తి, ఎల్లవేళలా సంపూర్ణ తృప్తి. ఉత్త తృప్తి అంటే పనికిరాదనే. రోజూ ‘మంచి, ఇంకా మంచి, అన్నిటికన్నా మంచి’ అంటూ గూట్, బెస్సర్, ఆమ్ బెస్టెన్ వల్లె వేయించేదాన్ని, మీ మీద నమ్మకంతో ఆ కాగితం చదవనే లేదు. పొరపాటే అయ్యుంటుంది, మార్చి పంపండి. ఆరేళ్ల తర్వాత నేనూ మా ఆయన యోహెన్ ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఇక్కడ ఉద్యోగం దొరక్కపోతే మళ్లీ ఆయనొక ఊరు, నేనొక ఊరు.

మీ వీబ్కే

గెట్టింగెన్, 14 ఆగస్టు

అమ్మా వీబ్కే,

టైపు చేసేటప్పుడు ఏదో జారిపోయి ఉంటుంది, చూస్తాను. కొత్త టీచరు వట్టి మొద్దు. ‘ఆల్ట్’ అంటే ముసలి. అది ‘ఎల్టర్’, అంటే ‘ఇంకా ముసలి’, అయ్యేసరికి అక్షరం నెత్తిన రెండు చుక్కలెందుకని బోస్నియా నుంచి వచ్చిన రొట్టెల మేస్త్రీ అడిగితే నీళ్లు నమిలాడు. నువ్వైతే వయసు మీదపడితే తలమీద బరువు పెరగదా అని నవ్వించేదానివి. నేను మాత్రం ‘ఎల్టర్’ పెద్దమనిషినే సుమా! మాటకి ‘ఇంకా ముసలి’ అయినా, మనవాళ్ల వాడుకలో ‘ఎల్టర్’ అంటే ఉత్త ముసలివాడికంటే కాస్త కుర్రవాడే. నీ బల్ల ఎవరికీ ఇవ్వలేదు. అక్కడ కుదరకపోతే వచ్చెయ్యి.

నీ మేలుకోరే లూర్స్

బ్రేమెన్, 24 ఆగస్టు

గౌరవనీయులైన లూర్స్ గారూ,

పత్రం రాలేదు. నోటుబుక్కులో ఒక్క అక్షరం తప్పినా ఎర్రసిరాతో చుట్టే మీరు, ఏకంగా మాటలే జారవిడుస్తారా? నా పని అంత తీసికట్టుగా ఉండేదా? ఉంటే మొహం మీదే చెప్పండి. సోమవారం ఇక్కడి మునిసిపల్ సాయంకాలపు బడిలో ఆఖరి ఇంటర్వ్యూ. ఇన్నేళ్లు మిమ్మల్ని పెద్దదిక్కనుకున్నాను, కోపం తెచ్చుకుందామన్నా ఏడుపే వస్తోంది.

వీబ్కే

గెట్టింగెన్, 26 ఆగస్టు

అమ్మా వీబ్కే,

ఏదీ జారిపోలేదు. తెలిసే రాశాను. ఎక్కడా ఉద్యోగం దొరక్క రెండు నెలల్లో తిరిగి వస్తావనుకున్నాను. నా భార్య పోయాక నాకు మిగిలింది ఆ బడి, అందులో నీ గొంతు. నీ కాపురం గుర్తుకు రాలేదని అబద్ధమాడను. గుర్తుండే రాశాను, సిగ్గుగా ఉంది.

కొత్త పత్రం ఇందులోనే ఉంది. కాగితం మారిస్తే అనుమానం పోదని, సోమవారం నిన్ను చూడబోయే ప్రిన్సిపాల్‌కి నిన్న ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

“అసలామె ఎలా చెబుతుందండీ పాఠం?” అందావిడ.

“పోనివ్వలేక నేను తప్పుడు రాత రాసేంత బాగా,” అన్నాను.

నీకు అన్యాయం చేసిన,
లూర్స్