ఉడకబెట్టిన మంచి పురుగులు

కరీంనగర్, ఆగస్టు 18

అత్తమ్మకు మేనకోడలు ప్రజ్ఞ దండాలు.

మంచి చెయ్యమని మనమే మార్చి పంపిన జీవి, మన చెయ్యి దాటినంక గూడ మంచిగనే ఉంటదా? పంతొమ్మిదేండ్ల సంది ల్యాబుల ఈ ప్రశ్నతోనే కూసుంటున్న. నీకు దాంతో పని లేదులే. నీకు పంపేది మేము మార్చనిది, మట్టిల దొరికే మామూలు మంచి బ్యాక్టీరియా. పసుపు దుంపను కుళ్లబెట్టే బూజును ఎదగనియ్యది. సీసాల కోట్లకొద్దీ ఉంటయి, కంటికి అవుపడవు. మాగిన పెంటల కలిపి మొదళ్లకు వెయ్యి. ఈసారి గూడ కుళ్లితే పసుపే బంద్ చేస్తనన్నవు, అందుకే నా తొందర.

నీ ప్రజ్ఞ

తా.క. ఫోను కుడితిల పడేసుకున్నవు గనుక ఈ ఉత్తరం, సీసా మెట్‌పల్లి బస్సు డ్రైవరుకు ఇచ్చిన. సీసానన్న కుడితికి దూరం పెట్టు.

మెట్‌పల్లి, 19

బిడ్డకు రాధాబాయి దీవెనలు.

సీసా ముట్టింది. మన పొలం చూసే లచ్చయ్య అద్దాలు రెండుసార్లు తుడుసుకొని చూసిండు. "ఒక్క పురుగు లేదమ్మా, కోడలమ్మను ఎవలో మోసం జేసిండ్రు" అంటుండు. నా ఫికరు వేరే. బూజు అయిపోయినంక ఇన్ని కోట్ల నోళ్లు ఏం తింటయి? నా కోళ్ల జోలికి రావు గద?

మీ అత్తమ్మ

తా.క. ఎర్రమూత మస్తుగున్నది. ఖాళీ అయినంక ఉప్పుకు పెట్టుకుంట.

కరీంనగర్, 20

అత్తమ్మా, దండాలు తర్వాత.

నీకు రావాల్సింది తెల్లమూతది! ఎర్రమూతల ఉన్నది మేము జన్యువులు మార్చి తయారుచేసింది. దానికింకా అనుమతి రాలే, ల్యాబు గడప దాటొద్దు. తప్పు నాదే, మా డైరెక్టరుకు గూడ చెప్పిన. మూత తియ్యకు. అదే డ్రైవరు చేతికి వాపస్ ఇయ్యి.

ప్రజ్ఞ

తా.క. కోళ్లకేం కాదు. ఉప్పు మాత్రం పొయ్యకు.

మెట్‌పల్లి, 21

బిడ్డా, జర నిమ్మలంగ చదువు.

నిన్ననే పోసిన. పరేషాన్ గాకు, పచ్చివి పోస్తనా? మన దిక్కు పచ్చి దుంప ఉడికితెనే పసుపైతది, పురుగులైనా గంతే. పసుపు కడాయిల పోసి రెండు గంటలు ఉడకబెట్టిన. సీసాను గూడ అండ్లనే వేసిన. చల్లారినంక మొదళ్లకు పోసినం.

మీ అత్తమ్మ

తా.క. మూత కరుగలే. ఉప్పు పోసిన.

కరీంనగర్, సెప్టెంబరు 16

అత్తమ్మకు దండాలు.

ఆ ఉత్తరం చదివి కుర్చీల కూలబడి నవ్విన. మావి అంత వేడికి బతకవు. అయినా నమ్మక, నేనే వచ్చి మట్టి తెచ్చుకొని వెతికిన గద, ఒక్కటంటే ఒక్కటి లేదు. డైరెక్టరు "అమ్మయ్య" అన్నడు. మూడు సాళ్ల పసుపు కుళ్లిపోయినా మిగిలింది పచ్చగున్నదని, కుళ్లు ఆగిందని నువ్వు రాసినవు. ఎందుకాగిందంటే, నీ మట్టిల ముందునుంచే ఉన్న బ్యాక్టీరియా ఒకటి ఆ బూజును కదలనిస్తలేదు. దాన్ని ఎవరూ మార్చలే. ఉడికిన మావి దానికి గంజి లెక్క పనికొచ్చినయేమో. రుజువైతే లేదు.

వచ్చే ఏడు గూడ పసుపు వెయ్యి.

నీ ప్రజ్ఞ

తా.క. మావి చచ్చినయని తెల్వంగనే పానం తేలికైంది. నీ పొలానికి గండం తప్పిందనా, నా పనికి పరీక్ష తప్పిందనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్న.