గ్లాసుకో కట్టె

1983 ఆగస్టు 29

పెద్ద క్వెవ్రికి, అదే వైన్ కుండకి, ఈరోజు మట్టితో మూతి కట్టాను. నాకంటే పొడుగు. వైన్ పోసి నేలలో పాతేశాక ఈ కుండను ఎవరూ చూడరు. అయినా వంపు సరిగ్గా రాకపోతే నాకు నిద్ర పట్టదు.

పక్కింటి సియూరి పరుగున వచ్చింది. అప్పుడెప్పుడో మా ఊళ్లో తీసిన సినిమా మళ్లీ క్లబ్బులో వేస్తారట. అప్పుడు దానికి పనిచేసిన జెమాల్ కూడా వస్తాడట. ఒసే లమారా, జుట్టుకి రంగేసుకోవే, అంది. దాని చెంపకి మట్టి పూసి పంపించాను.

ఆగస్టు 30

ఊళ్లో ఆ సినిమా చూడనిదాన్ని నేనొక్కదాన్నే. పంతం.

సెప్టెంబర్ 4, మధ్యాహ్నం

ఆ సినిమా తీసినప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. సినిమాలో హీరోయిన్ కుమ్మరి పిల్ల, టౌన్ డాక్టర్ని ప్రేమిస్తుంది. ఆమె పాట ఎత్తుకుంటే మేకలు బెదిరాయి. నేను క్వెవ్రిలోకి దిగి కడుగుతూ పాడుతున్నాను. సౌండ్ అసిస్టెంట్ జెమాల్ విన్నాడు. మైకుని తాడుకు కట్టి లోపలికి దింపాడు. నీ పుణ్యముంటుంది, ఇంకొక్కసారి పాడవూ, అన్నాడు పైనుంచి వంగి. ఇక ఆ నెలంతా ఏదో వంకతో ఆ అంచునే వేలాడాడు.

వెళ్లేరోజు ఒక్క గుక్కలో అడిగేశాడు. టిబిలిసి రా, సంగీతం నేర్చుకో, నన్ను పెళ్లి చేసుకో. ఆరోజే బట్టీ అంటించాం, వారం పాటు మంట కాయాలి. నాన్న నడుం పట్టేసి మంచం మీదున్నాడు. వారం ఆగమన్నాను. బస్సు ఆగదన్నాడు. మంటా ఆగదన్నాను.

బస్సు వెళ్లిపోయింది.

సినిమాలో ఆ పిల్లకి గంటన్నరలో డాక్టరూ మట్టీ రెండూ దక్కాయట. నాకు మట్టి దక్కింది. ఈ పని నాకిష్టం. అతను అలా వంగి చూడడం కూడా ఇష్టమే. రాసేశాను, ఇక దాచేదేముంది.

సెప్టెంబర్ 11

సినిమా శనివారం. వానలు ముంచుకొస్తున్నాయి, శుక్రవారం బట్టీ అంటించక తప్పదు. సియూరి నెత్తి కొట్టుకుంది. నీకూ ఆ బట్టీకీ పెళ్లి చేసేస్తానే, పీడా పోతుంది, అంది.

సెప్టెంబర్ 17, సాయంత్రం ఐదు

వచ్చాడు. బట్టతల, చెవుల్లో వెంట్రుకలు. భార్య పోయి చాలాకాలమైందట. మంట చూసి, మళ్లీనా, అని పగలబడి నవ్వాడు. అప్పుడు వారం ఆగలేకపోయాను, ఇప్పుడు గంటన్నర ఆగుతాను, నువ్వెళ్లి సినిమా చూసిరా, మంట నేను చూస్తాను, అన్నాడు.

సన్నమంట సుమా, ఒక కట్టె బొగ్గయ్యాకే ఇంకోటి, అని చెప్పాను. వెళ్తున్నాను. గౌనుకి మట్టి.

సెప్టెంబర్ 18

నోరు హీరోయిన్‌ది, గొంతు నాది. పాట చివర్లో క్వెవ్రి పైనుంచి చిన్న నవ్వు వినిపించింది. జెమాల్ నవ్వు. కత్తిరించకుండా ఉంచేశాడు! బోరున ఏడ్చాను.

తిరిగొచ్చేసరికి బట్టీ గర్జిస్తోంది. సియూరి మొగుడు ఒతియా వైన్ జగ్గుతో చేరాడు. ఫలానావాళ్ల కోసమని టోస్టు చెప్పకుండా గ్లాసెత్తే మనుషులా మావాళ్లు! శాంతి కోసం ఒక గ్లాసు, మంటకీ వాటా ఉండాలని ఒక కట్టె. తల్లిదండ్రులకో కట్టె. పోయినవాళ్లకి, పిల్లలకి, ద్రాక్షతోటకి. నా పేరు వచ్చేసరికి జెమాల్ చేతులనిండా కట్టెలెత్తి వేశాడట. నోటికొచ్చినట్టు తిట్టాను. ఒతియా మెల్లగా జారుకున్నాడు. జెమాల్ మాత్రం కదల్లేదు.

సెప్టెంబర్ 21

ఇంకా వెళ్లలేదు. కట్టె వేసేముందు ప్రతిసారీ నా మొహం చూస్తున్నాడు.

సెప్టెంబర్ 26

బట్టీ తెరిచాం. పెద్దది మూతి నుంచి అడుగుదాకా పగిలింది. మిగతావి బాగానే ఉన్నాయి. జెమాల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అలాంటిది మళ్లీ కట్టడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. చలికాలం మట్టి ఆరదు, వచ్చే వేసవి దాకా పడుతుంది, అన్నాను. రేపు పొద్దున బస్సుందని కూడా చెప్పాను.

సెప్టెంబర్ 27

బస్సు వెళ్లిపోయింది. అతను మట్టి తొక్కుతున్నాడు.