తమ్ముడు కనిపించాడు

నర్సీపట్నం,
12-8-2007

అమ్మా, దేవుని కృప వల్ల ఇక్కడ మేమంతా క్షేమం. ఫోన్‌లో తమ్ముడి పేరెత్తితే పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను. కవరైతే విప్పవు, కార్డైతే చదవకుండా ఉండలేవు.

మన క్రిస్టఫర్ దొరికాడమ్మా! మా లైబ్రరీకి కంప్యూటర్, నెట్ వచ్చాయి. పాఠకులకు చూపించాలంటే ముందు నాకు రావాలి కదా అని నెట్‌లో పాత స్నేహితులు కలుసుకునే ఆర్కుట్‌లో చేరాను. పుస్తకాలు రాసినవాళ్ళని ఇంటిపేరుతో వెతికే అలవాటు కదా, వాడినీ అలాగే వెతికాను. ఎక్కడ దొరుకుతాడు? నీతో గొడవపడి ఇల్లొదిలి పోయినోడు ఇంటిపేరు పెట్టుకుంటాడా! నిన్న నర్సీపట్నం వాళ్ళ కమ్యూనిటీలో ఒక్కో ఫొటో చూస్తుంటే కనిపించాడు. మీసం తీసేశాడు గానీ నాన్న ముక్కు ఎక్కడికి పోతుంది? "ఒరే తమ్ముడూ!" అని గట్టిగా అరిచేశాను. రోజూ పేపరు చదవడానికొచ్చే గణేశ్వరరావు మాస్టారు, "మేడమ్‌గారూ, సైలెన్సండీ!" అన్నారు. ఇన్నాళ్ళూ ఆయన్ని ఆ మాటతో కసిరింది నేనే.

వెంటనే అందులోనే వాడికి రాశాను, జవాబిచ్చాడు. వాడు సూరత్‌లో పని చేస్తున్నాడు, బాగున్నాడు. నా గుండెల మీద బరువు దిగింది.

నీ మోకాళ్ళ నూనె అయిపోయిందా, ఉందా? సుజితక్క పిల్లల కొలతలు బేగి పంపండి, క్రిస్మస్ బట్టలు ఇక్కడే కుట్టిస్తాను. రూర్కెలాలో మీ అందరినీ ప్రభువు చల్లగా చూడాలి.

అన్నట్టు, వాడు నన్ను అడిగిన మొదటి మాట, "అమ్మకి కోపం తగ్గిందేటి?" అని. తగ్గిందని రాసేశాను. నా మాట అబద్ధం చెయ్యకమ్మా.

నీ ఎస్తర్ రాణి