మీ హెడ్‌ఫోన్‌కి చోటు లేని ఫోను

మావయ్యగారూ,

తాడేపల్లిగూడెంలో కొత్త ఫోను కొన్నాను. మీ హెడ్‌ఫోన్ గుచ్చడానికి దానికి కన్నమే లేదు. "ఇప్పుడన్నీ వైరు లేనివేనండి," అంటూ షాపతను చెవుల్లో పెట్టుకునే బుల్లి ముక్కలు అంటగట్టాడు.

మీ సంవత్సరీకం నాడు వాటితో మన పాట విన్నాను. పెళ్లయ్యాక సంగీతం మానేసిన నన్ను ఈ ఇంట్లో పాడమన్నది మీరొక్కరే. పక్కన కూర్చుని తంబూర మీటుతూ రికార్డు చేశారే, ఆ పాట. నా గొంతు బాగానే వచ్చింది. మీ తంబూర మాత్రం దోమ రొదలా ఉంది.

మర్నాడు వెళ్లి, వైరుని ఫోనుకి కలిపే చిన్న ముక్క తెచ్చి, మీ హెడ్‌ఫోన్ తగిలించాను. ఈ పాట పెట్టినప్పుడల్లా అడిగేవారు కదా, "తంబూర వినపడుతోందామ్మా?" అని.

వినపడుతోందండి. మీటబోయే ముందు మీరు గొంతు సవరించుకోవడం కూడా.