నా పేరు చెప్పి ఎవరూ ఏ కూరా మానకండి

బహ్రెయిన్‌లోని జింజ్‌లో అద్దె ఫ్లాటులో కాపురముంటూ, కాకినాడలో సొంత ఇల్లు కలిగి, ఒక కట్టుబడి కంపెనీలో స్టోర్స్ చూసే మద్దాల వెంకటరమణ అను నేను, యాభై రెండేళ్ల వయసులో, బుద్ధి స్థిరంగా, నాలుక పదునుగా, ఆకలి యథాప్రకారంగా ఉండగా రాసుకున్న వీలునామా ఇది. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతం చేయగల మనిషి ఒక్కరే. ఆవిడ వంటింట్లో పోపు వేస్తోంది. ఆ వాసనకు మధ్యమధ్య కలం ఆగుతోందని కూడా ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను.

1. వచ్చే నెల హైదరాబాదులో నాకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్. చిన్నదేనని డాక్టర్లు అంటున్నారు. అయితే సంతోషం, కాకపోతే ఈ కాగితం ఉంటుంది. దీన్ని అమలు చేసే అధికారం నా కూతురు మధులికది. "ఆడపిల్ల చేతికా అన్నయ్యా? నేను చచ్చానా?" అని నా తమ్ముడు అప్పాజీ ఫోన్లో అరిచాడు. లేదు తమ్ముడూ. చస్తే చచ్చేది నేను, కాబట్టి ఎంపిక కూడా నాదే.

2. ఇల్లు, బ్యాంకులో ఉన్నది, నాదనిపించుకున్న సమస్తమూ నా భార్య సీతారత్నానికి సర్వహక్కులతో చెందాలి. "ఆమె తదనంతరం ఫలానా వారికి" అనే వాక్యం ఇక్కడ కావాలనే రాయలేదు. ఆడవాళ్ల ఆస్తికి తోక తగిలించే ఆ మాటంటే నాకు ఒళ్లుమంట. అమ్ముకుంటుందో, దేశాలు తిరుగుతుందో ఆవిడిష్టం.

3. ఈ దేశం వచ్చిన కొత్తలో గుదైబియాలో నలుగురితో గది పంచుకుని వండుకున్న రోజుల నుంచీ నాతో ఉన్న కత్తిపీట, నువైద్రాత్ లేబర్ క్యాంపులో ఉండే తాపీమేస్త్రీ బుల్లబ్బాయికి. శుక్రవారం శుక్రవారం హమూర్ చేప పట్టుకొచ్చి, "ఆయ్, తలకాయ మాత్రం నాదేనండి, మిగతాది మీ ఇష్టమండి" అంటూ ఈ కత్తిపీట ముందే కూర్చుంటాడు. మొన్నటి ఉగాది విందులో మన తెలుగు పెద్దమనుషులు క్యాంపు కుర్రాళ్లను రెండో బంతికి ఆగమన్నారు. గోదావరి మర్యాదల గురించి మైకులో అంతసేపు దంచి, ఆ గోదావరి మనుషులనే గుమ్మం దగ్గర నిలబెట్టారు! బూరె సగంలో ఉండగా లేచి నేను చేసిన గొడవ అందరికీ తెలుసు. బూరె వదిలినందుకు తప్ప దేనికీ విచారించను. ఇకపై ఏ విందుకైనా ఈ కత్తిపీట అరువిస్తే, బుల్లబ్బాయిని మొదటి బంతిలో కూర్చోబెట్టాలి. ఇది షరతు.

4. వేటమాంసం వండే ఇత్తడి గిన్నె అప్పాజీకి. దీనికో కథుంది. మా అమ్మ చనిపోయిన ఏడాది, సెలవులో సీతారత్నమూ నేనూ బొంబాయిలో దిగి, అప్పాజీని కలుపుకుని రైల్లో కాశీ వెళ్లాం. నేను పుణ్యానికి వెళ్లలేదు, దారికోసం వెళ్లాను. ఇటార్సీలో పూరీ కూర, అలహాబాదులో జామపళ్లు, కాశీ సందుల్లో మట్టి ముంతలో లస్సీ! ఈ దేశంలో స్టేషనుకో రుచి ఉంది. రాజ్యాంగంలో ఆ సంగతి రాయకపోవడం పెద్ద లోపం.

గంగ ఒడ్డున పురోహితుడు, బాగా ఇష్టమైన కూర ఒకటి జన్మంతా వదిలేయమన్నాడు. ఆచారమట. అప్పాజీ ఠక్కున క్యాబేజీ వదిలేశాడు. వాడు పుట్టి బుద్ధెరిగి క్యాబేజీ ముట్టలేదు! నేను పురోహితుడితో వాదనేసుకున్నాను. ఆ గోలలో సీతారత్నం నెమ్మదిగా, "వంకాయండి" అంది. గుత్తివంకాయంటే ఆవిడకు ప్రాణం. అబద్ధమాడినవాడికి పుణ్యం, నిజం చెప్పినదానికి పథ్యం. ఇదీ మన ధర్మం! కావున అప్పాజీ ఏటా ఒకసారి ఆ గిన్నెలో క్యాబేజీ వండుకుని, మధులిక ఎదుట, మొహం చిట్లించకుండా తినాలి.

5. ఆనాటి నుంచి సీతారత్నం మనామా మార్కెట్లో లేత వంకాయలు తనే ఏరుతుంది, నువ్వులూ కొబ్బరీ నూరి కూరుతుంది, మాకు వడ్డిస్తుంది. తను మాత్రం పచ్చడి మెతుకులు కలుపుకుంటుంది. చాలదన్నట్టు ఇప్పుడు, నేను క్షేమంగా లేస్తే చేపలు కూడా మానేస్తానని మొక్కుకుంది. అంటే నేను బతికితే చేపలు పోతాయి. చస్తే బొట్టూ పూలూ సహా అన్నీ పోతాయి. ఎటు చూసినా ఖాళీ అయ్యేది ఆవిడ విస్తరే. మగాడి ప్రాణానికి ఆడదాని విస్తరి తాకట్టా? ఇదెక్కడి న్యాయం?

కావున ఆజ్ఞాపిస్తున్నాను: నా పేరు చెప్పి ఎవరూ ఏ కూరా, పండూ, పువ్వూ, బొట్టూ, ప్రయాణమూ మానకూడదు. మానినవారికి ఈ వీలునామాలో హక్కు లేదు. కర్మకాండ వద్దు. ఆ రోజు అందరూ ఒకే బంతిలో కూర్చుని తినాలి. సీతారత్నం గుత్తివంకాయ తినితీరాలి.

6. సాక్షి సంతకాలకు బుల్లబ్బాయీ, పక్క ఫ్లాటు సోమరాజూ వచ్చాక, పై క్లాజు ఆవిడకు గట్టిగా చదివి వినిపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"వదిలింది నేను. మళ్లీ తినమని రాసివ్వడానికి మీరెవరండీ? అదేమన్నా మీ ఆస్తా?" అంది. "పైగా మీరు పోయిన రోజున నేను వంకాయ తినాలా? ఎంత ముచ్చటైన ముహూర్తం పెట్టారండీ!"

"ఆయ్, పాయింటేనండి రమణగారూ," అన్నాడు బుల్లబ్బాయి, నాకేసి తిరిగి.

ఆవిడ లోపలికెళ్లి కంచం తెచ్చుకుంది. వేడన్నంలో ఒక గుత్తివంకాయ చిదిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మొహం చిట్లించింది.

"ఇన్నేళ్లూ ఇంత చప్పగా వండానా? లోకంలో ప్రతిదానికీ పోట్లాడతారు కదా, ఉప్పు చాల్లేదని ఒక్కనాడైనా నోరెత్తలేదేం?"

ఈ ప్రశ్నకు జవాబు వీలునామాలో రాయదలచుకోలేదు. ఆపరేషన్ నుంచి లేచి స్వయంగా చెప్పుకుంటాను. చేపల మొక్కు విషయం దేవుడితో తనే తేల్చుకుంటానని, నన్ను మధ్యలో వాదించవద్దని ఆవిడ చెప్పింది. ఆ మేరకు తగ్గాను. అయిదో క్లాజులో ఆవిడ వంకాయ తినాలన్న వాక్యం, నేను బతికుండగానే అమలైనందున, కొట్టివేయడమైనది.

జింజ్, 1996 మే 17, శుక్రవారం.

(సం.) మద్దాల వెంకటరమణ

వెంకటరమణ గారు మా ఎదుట సంతకం చేశారనీ, సీతారత్నం గారు మా ఎదుట ఉప్పు కలుపుకుని మారు వడ్డించుకున్నారనీ సాక్ష్యం:

గుబ్బల బుల్లబ్బాయి, నువైద్రాత్
పెన్మెత్స సోమరాజు, జింజ్