ఒకే పడుగు చీరలు

చిరంజీవి శ్రీధర్‌ను దీవించి ఎల్బీనగర్ నుంచి అమ్మ రాయునది. ఇక్కడ నేనూ, నీ భార్య విజయశ్రీ ఒంట్లో కులాసాగానే ఉన్నాము. నాగపూర్‌లో నీ ఆరోగ్యానికీ ఏ లోటూ లేదనుకుంటాను.

మందుల పార్శిల్లో పెట్టిన నీ ఉత్తరం అందింది. బీపీ గోళీలు రోజూ వేసుకుంటున్నాను. చెవి మిషను విజయశ్రీ దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయి బాగుచేయించింది. అయినా అది ఈల వేస్తుందే తప్ప మాట వినబడనివ్వదు, డబ్బాలో పడేశాను. ఫోన్లో నీ మాట సగమే అందుతుంది కాబట్టి మనకు ఈ ఉత్తరాలే గతి. పై వాటాలో కిరాయికున్న సుమిత్రమ్మ మోటారు కట్టేయడం మళ్లీ మరిచింది, మెట్ల మీద వాగు పారింది. నువ్వు అడిగిన ఇంకో చీర సంగతి చివర రాస్తాను.

శ్రీధరూ, ఇక్కడినుంచి రాసేది నీ గురించే. ఒక్క మాటా వదలకుండా చదువుకో.

ఆదివారం పొద్దున గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఒక పిల్ల, వెంట వాళ్లమ్మ వచ్చారు. "నా పేరు సాధన అమ్మా, శ్రీధర్ సార్ టీంల ఈడి ఆఫీసుల పనిచేస్త. మా అమ్మ అన్నమ్మ. సరూర్‌నగర్ నుంచి ఒచ్చినం" అంది. నీ ఆఫీసు పిల్ల అనగానే సంబరపడిపోయి కుర్చీలు వేశాను. ఆ పిల్ల సంచిలోంచి చీర తీసి నా ఒళ్లో పెట్టింది. మెరూన్ మీద తెల్ల చిలకల ఇక్కత్ చీర. కొంగు మూలకు నేను పెట్టిన పసుపు కూడా చెరగలేదు. నాగపూర్‌లో మీ పెద్దసారు భార్యకని నువ్వు పట్టుకెళ్లిన చీర! ఆమె కళ్లకద్దుకుందని కూడా రాశావు కదా!

"ఇది నీ దగ్గరికెట్ల ఒచ్చింది బిడ్డా?" అన్నాను. తల వంచుకుని ఏదో చెప్పింది. నాకు వినబడలేదు. "జర గట్టిగ చెప్పు" అన్నాను. ఆ పిల్ల వాళ్లమ్మ ముఖం చూసింది, తర్వాత వీధి వైపు చూసింది. అప్పుడు గట్టిగా చెప్పింది.

"నాగపూర్‌ల ఎగ్జిబిషన్‌కు పోయినప్పుడు హోటల్ల సార్ నా రూముకొచ్చి ఇచ్చిండమ్మా. 'మా అమ్మ నీకోసం పంపింది, కట్టుకొని నా రూముకు రా, నీ ఉద్యోగం పర్మనెంట్ చేసేది నేనే' అన్నడు. రానన్న. చెయ్యి పట్టి గుంజిండు. ఇడిపించుకొని ఉరికిన."

వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడు ఈ చెవిటిదానికి కూడా వినబడింది. విజయశ్రీ అంతా విన్నది. గట్టిగా చెప్పమన్నది నేనే కదరా!

ముందు నిన్నే వెనకేసుకొచ్చాను. కన్నదాన్ని, ఏం చేయను? "నా కొడుకు గసొంటోడు కాదు, పోండి" అని లేచాను. అన్నమ్మ నా చేయి పట్టుకుంది.

"అక్కా, మేం పసుపు పెట్టేటోళ్లం కాదు. అయినా మీ ఇండ్లల్ల పసుపు పెట్టిన చీరంటే మనసుపెట్టి ఇచ్చినట్టని నాకెరుకే. గందుకే దీన్ని పారెయ్యనియ్యలే. ఆఫీసుల ఫిర్యాదు ఇస్తే, 'ఆ చీర నాది కాదు, నేనెన్నడు చూడలే, ఆ పిల్ల అబద్ధమాడుతున్నది' అన్నడట మీ కొడుకు. రేపు గాదు, పై సోమవారం ఈడి ఆఫీసుల కమిటీ కూసుంటది. చీర ఎక్కడిదో తేలకపోతే దీని నౌకరి పోతది, పేరు గూడ పోతది. ఇది మీదేనా? గదొక్కటి చెప్పు."

నా చీరను ఎన్నడూ చూడలేదన్నావా? పోచంపల్లిలో మీ మట్టయ్య మామ నేసిన చీర! నేను పసుపు పెడుతుంటే 'ఇప్పుడు కూడా ఇదేందమ్మా' అని పక్కన కూర్చుని నవ్వింది నువ్వే కాదూ? పైగా నా పేరు చెప్పి పిలిచావా? దొంగైనా తల్లి పేరు చెప్పి కన్నం వేయడు కదరా!

మీ నాయన చీరల మూట భుజాన వేసుకుని ఎన్ని ఊళ్లు తిరిగాడు! ఇంట్లో ఆడమనిషి ఒక్కతే ఉంటే గడప దాటేవాడు కాదు. మూట అరుగు మీద పెట్టి, పక్కింటి ముసలమ్మను పిలిపించాకే విప్పేవాడు. బేరాలు పోతున్నాయని నేను పోరుపెడితే, "ఊరుగాని ఊర్ల తిరిగేటోళ్లం కనకం, నమ్మితేనే ఆడోళ్లు తలుపు తీస్తరు" అనేవాడు. ఆయన కడుపున పుట్టినవాడివేనా నువ్వు?

విజయశ్రీ ఏడవడం లేదు. అదే నాకు భయంగా ఉంది. నిన్న అన్నం ముందు కూర్చుని ఒక్క మాట అడిగింది. "అత్తమ్మా, ఇంకెంతమందికి ఇచ్చిండో?" నాకు నీ ఉత్తరంలో మాట గుర్తొచ్చింది. 'వచ్చే నెల ఇండోర్ పోవాలి, అదే రకం చీర ఇంకోటి కావాలి' అని రాశావు. అది ఎవరికోసంరా?

ఇప్పటిదాకా రాయలేక దాచిన మాట ఒకటుంది. అన్నమ్మ అడిగినదానికి నేను ఆదివారమే జవాబు చెప్పేశాను. చీర నాదే అన్నాను. సుమిత్రమ్మ మెట్ల మీదనుంచి విని, "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందండీ పిన్నిగారూ, మీకెందుకండీ, ఊరుకోండి" అని చెప్పి చూసింది. పడితే పడనీ అన్నాను. కమిటీ ముందుకు కూడా వచ్చి చెబుతానని ఆ పిల్ల చేతిలో చెయ్యి వేశాను. నీ వెనక చేస్తున్న పని కాదు, నీకు తెలియాలనే రాస్తున్నాను.

ఇక నువ్వు అడిగిన ఇంకో చీర. అది ఉంది. మట్టయ్య ఒకే పడుగు మీద వరసగా దించిన చీరలు కదా, అదే మెరూన్, అవే చిలకలు. నీకు పంపను. సోమవారం అది నేనే కట్టుకుని వస్తాను. మొదటిది సాధన చేతిలో ఉంటుంది. నువ్వూ వస్తున్నావట. రెండింటినీ పక్కపక్కన చూశాక కూడా ఆ చీర ఎవరిదో తెలియదని చెప్పగలిగితే, నా ముఖం చూసి చెప్పు. గట్టిగా చెప్పు, నాకు వినబడదు.

ఇట్లు,
ఆ చీరకు పసుపు పెట్టిన మీ అమ్మ,
కనకమ్మ